మాట్లాడుతూనే ఉండాలి

స్ట్రెచరు మీద నుంచి కోడలి మొహం కనబడగానే అత్తగారు కళ్ళు మూసుకుంది.

అవి నొప్పితో మూతపడిన కళ్ళు కావు. నొప్పితో మూతపడిన కళ్ళు ఎలా ఉంటాయో కోడలికి బాగా తెలుసు. ఎమర్జెన్సీ వార్డులో డాక్టరు ఆమె, రోజూ చూసేవి అవే. రెప్పలు నలిగి, కనుబొమలు ముడిపడి, చూసేవాళ్ళకి జాలి పుట్టేలా ఉంటాయి. ఇవి మాత్రం వాకిలి తలుపు వేసినట్టు వేసుకున్న కళ్ళు. లోపల గడియ కూడా పడింది.

స్ట్రెచరు వెనకే మావగారు వచ్చారు. ఒక చేతిలో ఆవిడ చెప్పులు, ఇంకో చేతిలో కళ్ళజోడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా రైలు చివరి పెట్టెలో కూర్చుని, దాటిపోయిన ఊళ్ళని మాత్రమే చూశారు. ఇంట్లో గొడవలు కూడా ఆయనకి అలాగే, దాటిపోయాక కనబడేవి.

"బాత్రూములో కాలు జారింది," అన్నారు, ఇంకా ఎవరూ అడక్కుండానే.

కోడలు ముందు కాలు చూసింది. కుడికాలు ఎడమకాలికంటే పొట్టిగా ఉంది, పాదం బయటికి వాలిపోయింది. ఎక్స్‌రే దాకా పోనక్కర్లేకుండానే తెలుస్తోంది, తుంటి విరిగింది. ఆ తరవాత జుట్టు చూసింది. చెవి పైన సాలెగూడు ఒకటి అంటుకుని ఉంది, అందులో ఎండిపోయిన పురుగుతో సహా. బాత్రూములో జారినవాళ్ళ జుట్టు తడుస్తుంది గానీ బూజు పట్టదు. అయినా ఇప్పుడు అడగవలసింది అది కాదని ఊరుకుంది.

"అత్తయ్యా, నొప్పి ఎక్కడుంది?"

అత్తగారు కళ్ళు తెరిచి పైకప్పుకేసి చూసింది. "ఏవండీ, తుంటి దగ్గరుందని చెప్పండి."

"తుంటి దగ్గరుందిట," అన్నారు మావగారు.

మూడు వారాలుగా ఇదే వరస. ఫ్యాను తుడవడానికి అత్తగారు స్టూలెక్కడం, కోడలు చూసి, మా వార్డులో సగం మంచాలు ఈ వయసులో స్టూళ్ళెక్కినవాళ్ళతోనే నిండిపోతున్నాయత్తయ్యా అనడం, అంతే జరిగింది. ఆ మాత్రానికే అత్తగారు స్టూలు దిగి, నడుం బిగించి, "నా కాలు విరిగినా సరే నీ చేతికి చిక్కను. ఇవాళ్టి నుంచి నీతో మాట్లాడితే ఒట్టు," అనేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఒట్టంటే ఒట్టే. ఆ రోజు నుంచి ఇంట్లో ఏ మాటైనా మావగారి మీదుగానే నడవాలి. కాఫీ చల్లారిపోతోందని అత్తగారు ఆయనకి చెబితే ఆయన కోడలికి చెప్పాలి. తాగేశానని కోడలు ఆయనకి చెబితే ఆయన పక్క గదిలోకి నడిచి ఆ కబురు దించాలి. ఆయన ఇంట్లో లేకపోతే అత్తగారు గోడకి చెప్పేది. గోడ చెప్పకపోయినా కోడలికి వినబడేది కాబట్టి పని ఆగేది కాదు.

కోడలికి అంతుపట్టనిది ఒకటే. అత్తగారికి కోపం రావడం కొత్త కాదు. కానీ ఆవిడ కోపం పాలపొంగు లాంటిది, సాయంత్రానికి దిగిపోయేది. లెక్కల టీచరుగా చేసిన మనిషి, ఎవరిమీదా లెక్కకు మించి అలగదు. పైగా ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటావిడ ఇంత చిన్న మాటకి ఇన్నాళ్ళు నోరు కుట్టుకుని కూర్చోవడం ఏ లెక్కకీ అందటం లేదు.

స్ట్రెచరు నుంచి మంచం మీదకి మార్చబోతుంటే అత్తగారు కిందిపెదవి కొరుక్కుంది. అరవలేదు. కానీ మావగారి చొక్కా చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా గుంజిందంటే, భుజం దగ్గర కుట్టు పటుక్కున తెగింది.

"ఆగండి, కదపొద్దు," అంది కోడలు. ఆమె మొహంలో డాక్టరు కాస్త వెనక్కి తగ్గి, కోడలు ముందుకొచ్చింది.

హెడ్ సిస్టరు మందుల గది తాళాలు గలగలలాడించుకుంటూ వచ్చి, గట్టి నొప్పి మందు ఇచ్చేద్దామా అని అడిగింది. ఈ సిస్టరుని వార్డులో అందరూ మేజరుగారనే పిలుస్తారు. కోడలు వద్దని తల ఊపింది. రెండేళ్ళ కిందట పిత్తాశయం ఆపరేషనప్పుడు అలాంటి మందే ఇస్తే అత్తగారికి రెండు రోజులు ఒకటే వాంతులు, ఆ మధ్యలో మతి తప్పి, పక్క మంచమ్మీది పేషెంటుని హోంవర్కు చెయ్యలేదని నిలబెట్టింది. పాపం ఆ పేషెంటు కూడా భయపడి నిలబడింది. అందుకని ఈ మాటు నరానికి మందు పెట్టి మొద్దుబార్చాలి. తొడ ముందు భాగంలో, గజ్జ దగ్గర, కండ మీద పల్చటి పొర ఉంటుంది. దాని కింద సూదితో మందు వదిలితే అది పాకి, తుంటి నుంచి నొప్పి మోసే నరాల్ని పట్టేస్తుంది. మనిషికి మత్తు ఉండదు, వాంతి ఉండదు. కాలికి మాత్రమే నిద్ర.

మావగారికి అది రైలు భాషలో అర్థమైంది. "అంటే, బండి అక్కడే ఉంటుంది. సిగ్నలు ఎర్రది వేసేస్తారు."

"అంతే, మావయ్యా."

"మంచిదే," అన్నారాయన. ఆ సిగ్నలు ఇంట్లో కూడా ఒకటి ఉంటే బాగుండునని ఆయన మొహం చెప్పింది.

సరే, పెట్టేది ఎవరు? మత్తు డాక్టరు ఆపరేషను థియేటర్లో కాన్పు కేసు దగ్గర ఇరుక్కుపోయాడు, బయటికి రావడానికి రెండు గంటలైనా పడుతుంది. ఎముకల డాక్టరు వచ్చి కాలు చూసి, విరిగిందని ఖాయం చేసి, ఎముక ఎలాంటిదైనా అతికిస్తాను గానీ నరాల జోలికి నన్ను పిలవొద్దన్నాడు. ఈ వార్డులో ఆ పని నేర్చుకున్నది, నేర్చుకుని పదిమందితో పోట్లాడి స్కానింగు మెషీను తెప్పించుకున్నది, కోడలొక్కతే.

సొంత మనుషులకి వైద్యం చెయ్యకూడదు. ఆ సంగతి కోడలికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చేతులు వణికితే ఒక బాధ, వణక్కపోతే ఇంకో బాధ. వార్డు పెద్దాయనకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, మామూలుగా ఒప్పుకోను గానీ ముసలావిణ్ణి అంతసేపు ఆ నొప్పితో పడుకోబెట్టడం ఇంకా తప్పు, ఎముకల డాక్టరు పక్కన నిలబడి చూసుకోవాలి, పేషెంటు తన నోటితో తను ఒప్పుకోవాలి, అలాగైతే చెయ్యమన్నాడు.

తన నోటితో. చిక్కంతా అక్కడే వచ్చింది.

కోడలు మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పింది. ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో, ఏం తేడా రావచ్చో. అత్తగారు సెలైను స్టాండుకేసి చూస్తూ విన్నది. ఒప్పుకుంటారా అని ఎముకల డాక్టరు అడిగితే ఆయన వైపు తిరిగి ఒప్పుకుంటానంది. ఆ అమ్మాయి చెయ్యి మంచిదని వీధి వీధంతా అంటారు, చేయించుకోవడానికి తనకేం అభ్యంతరం లేదు, ఒట్టు వేసింది మాట్లాడనని కదా, చేయించుకోనని కాదుగా అంది. చేతికి చిక్కనన్న మాట మరిచిపోయిందో, అంత నొప్పిలోనూ లెక్క సవరించుకుందో తెలియదు.

ఏ కాలు అని మేజరు సిస్టరు అడిగింది. కుడి అంది అత్తగారు. ఎముకల డాక్టరు అడిగాడు. కుడి అంది. కోడలు అడిగింది, ఎందుకంటే సూది పెట్టేవాళ్ళు తప్పక అడగాలి.

"ఏవండీ, ఇంతమంది చదువుకున్నవాళ్ళలో వంకరగా ఉన్న కాలు ఏదో ఒక్కళ్ళకీ కనబడటం లేదేమో కనుక్కోండి."

"కుడికాలేనట," అన్నారు మావగారు.

అప్పుడు కోడలు అసలు మాట చెప్పింది. "అత్తయ్యా, ఒక్కటుంది. మందు పెడుతున్నంతసేపూ మీరు మాట్లాడుతూనే ఉండాలి."

సెలైను స్టాండు మీది చూపు దిగి వచ్చింది.

ఎప్పుడో నూటికో కోటికో ఒకరికి ఈ మందు నెత్తుట్లోకి జారుతుంది. జారితే మొదట తెలిసేది పేషెంటుకే. పెదాలు తిమ్మిరెక్కుతాయి, చెవుల్లో గుయ్యిమంటుంది, నోట్లో ఇనుము రుచి వస్తుంది, మాట తడబడుతుంది. అందుకని పేషెంటు ఆపకుండా మాట్లాడుతూ ఉంటే డాక్టరుకి ధైర్యం. కోడలు ఇదంతా వివరించి చెప్పింది.

అత్తగారి మొహంలో రంగు మారింది. కోడలు అక్కడ పౌరుషం కనబడుతుందనుకుంది. కనబడింది పౌరుషం కాదు, భయం. సూదికి భయపడే మనిషి కాదావిడ. పిత్తాశయం తీసేటప్పుడు కూడా రాయి ఎంత బరువుందో తూచి చెప్పమంది.

"నేను మాట్లాడితే కొంపలంటుకుంటాయి," అంది అత్తగారు, మెల్లిగా, ఎవరికీ కాకుండా.

మావగారు చెప్పులు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"మాటే అవనక్కర్లేదు," అంది మేజరు సిస్టరు. "మొన్నొకాయన అంతసేపూ పాత పాటలు పాడాడు. మేం భరించాం."

అత్తగారు ఆలోచించింది. ఆలోచిస్తే మొహం తేటపడింది. "ఎక్కాలు చెప్పొచ్చా?"

చెప్పొచ్చన్నారు అందరూ.

తెర వేశారు. మేజరు సిస్టరు బట్టలు సర్ది, గజ్జ దగ్గర శుభ్రం చేసి, మిగతా ఒళ్ళంతా దుప్పటి కప్పింది. గుండె కొట్టుకునేది చూపించే మానిటరు టిక్ టిక్ మంటోంది. కోడలు చేతులు కడుక్కుని గ్లోవులు వేసుకుని స్కానింగు పిడి తొడ మీద ఆనించింది. మెషీను తెరమీద బూడిదరంగు పొరలు, మధ్యలో నల్లటి గుండ్రం ఒకటి కొట్టుకుంటోంది. పెద్ద రక్తనాళం. దాని పక్కన తెల్లటి గీత. ఆ గీత కిందకే వెళ్ళాలి.

"పొద్దుటి పొగమంచులో స్టేషనులా ఉంది," అన్నారు మావగారు. ఆయన్ని తల దగ్గర నిలబెట్టారు, ఇటు చూడొద్దన్నారు, ఆయన చూస్తూనే ఉన్నారు.

"కానివ్వండి, అత్తయ్యా."

"రెండొకట్ల రెండు," మొదలుపెట్టింది అత్తగారు. గొంతు క్లాసులో పలికినట్టే స్పష్టంగా ఉంది. "రెండు రెళ్ళు నాలుగు. రెండు మూళ్ళు ఆరు."

చర్మం మొద్దుబారడానికి చిన్న సూది పడింది. రెండు నాలుగుల దగ్గర ఒకసారి ఊపిరి పట్టి, ఎనిమిదని గట్టిగా అంది. పెద్ద సూది దిగుతుంటే మూడో ఎక్కం నడుస్తోంది. కోడలు తెరమీద సూది మొనని వెతుక్కుంటూ, గీత దగ్గరికి తెచ్చి, కొంచెం నొక్కింది. పొర దాటినప్పుడు వేలికి తెలుస్తుంది, అరిటాకుని సూదితో గుచ్చినట్టు. ముందు కాస్త సెలైను వదిలి చూసింది. తెల్లగీత విడివడి, కింద నల్లటి చెరువులా తెరుచుకుంది. సరైన చోటే.

"మందు మొదలుపెడుతున్నా."

ప్రతిసారీ ఇంచుక వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకోవడం, కొంచెం వదలడం, ఆగడం, మళ్ళీ లాగడం. సిరంజి మేజరు సిస్టరు చేతిలో ఉంది, కళ్ళు మానిటరు మీద. ఏడో ఎక్కం అయిపోయింది, తొమ్మిది అయిపోయింది. ఎముకల డాక్టరు పెదాలు కూడా కదులుతున్నాయి, చిన్నప్పటి భయం పోలేదు కాబోలు. పన్నెండు కూడా గడిచింది. అత్తగారికి ఊపు వచ్చింది. పదమూడు ఎత్తుకుంది.

"పదమూడు ఆర్లు డెబ్భై ఎనిమిది. పదమూడేళ్ళు తొంభై ఒకటి. పదమూడు ఎనిమిదులు..." ఆగింది. "నూట పదహారు."

కోడలి చెయ్యి ఆగిపోయింది. "సిస్టర్, ఆపండి."

లెక్కల టీచరు నోట ఎక్కం తప్పింది. మానిటరు మీద అంతా సవ్యంగానే ఉంది, మొహంలో రంగు బాగానే ఉంది, కానీ తప్పింది. ఎముకల డాక్టరు ఒక అడుగు ముందుకేశాడు.

"నూట నాలుగే," అన్నారు మావగారు, నెమ్మదిగా.

"అత్తయ్యా, పెదాలు తిమ్మిరిగా ఉన్నాయా?"

"లేదు."

"చెవుల్లో గుయ్యిమంటోందా?"

"లేదు."

"నోట్లో ఇనుము రుచేమైనా?"

అత్తగారు మూడు వారాల్లో మొదటిసారి కోడలి మొహంలోకి సూటిగా చూసింది. "నా నోట్లో ఉన్నది ఇనుము కాదే అమ్మాయ్. మీ ఆయన మాట. మింగలేక కక్కలేక చస్తున్నాను. ఎక్కం చెబుతున్నా అదే అడ్డొస్తోంది."

సూది మొన ఇంకా పొర కిందే ఉంది. అత్తగారి బుద్ధి నిక్షేపంగా ఉందని తేలింది. మందు సగం లోపల, సగం సిరంజిలో.

కోడలికి తెలుసు, ఇది వినే సమయం కాదు. కానీ పేషెంటు మాట్లాడుతూనే ఉండాలి. తను పెట్టిన నియమమే. ఆమె మళ్ళీ తెరమీదకి చూపు తిప్పి, సిస్టరుకి తల ఊపి, "చెప్పండి, అత్తయ్యా. ఆపొద్దు," అంది.

ఇక అత్తగారికి ఆనకట్ట తెగింది. తెగింది కూడా ఆనకట్ట గురించే. అబ్బాయి నీళ్ళ శాఖలో ఇంజనీరు కదా, కొండల్లో కొత్తగా కడుతున్న ఆనకట్ట దగ్గరికి రెండేళ్ళు పంపుతామన్నారట. సరేనని తల ఊపేసి వచ్చాడు. ముందు తల్లికి చెప్పి, భార్యకి తనే చెప్పుకుంటాననీ, అప్పటిదాకా కోడలి దగ్గర నోరు జారొద్దనీ మాట తీసుకున్నాడు. ఇవాళ చెబుతా రేపు చెబుతా అంటూ నెట్టుకొస్తున్నాడు. అక్కడ నీళ్ళున్నాయి, రాళ్ళున్నాయి, ఆస్పత్రి మాత్రం లేదు, ఒక చిన్న మందుల గది ఉందిట.

"నా సంగతి నాకు తెలియదూ? నీతో రెండు ముక్కలు మాట్లాడితే మూడోది అదే వస్తుంది. అందుకే ఫ్యాను తుడుస్తుంటే నువ్వేదో అన్నావు, అదే సందని గొడవ పెట్టుకున్నాను. కోపమేం లేదే నీ మీద. నువ్వన్నది నిజమే కూడాను."

"కొంచెం నొక్కినట్టుంటుంది," అంది కోడలు. ఆమె గొంతు మామూలుగానే ఉంది. సిస్టరు వెనక్కి లాగింది, రక్తం లేదు, వదిలింది. తెరమీద నల్లటి చెరువు ఇంకాస్త పాకింది. కోడలి చెయ్యి వణకలేదు. ఆ తరవాత ఆ సంగతి తలుచుకుని ఆమెకే ఆశ్చర్యం వేసింది. "ఇంకా చెప్పండి. సాలెగూడు ఎక్కడిది?"

అత్తగారు నాలిక కరుచుకుంది. కానీ అప్పటికే వరద కదా. అటక మీదిది. అబ్బాయి ప్రయాణప్పెట్టె అటక మీద ఉంటుంది. పెట్టె లేకపోతే ఎలా సర్దుకుంటాడో చూద్దామని, దించి పక్కింట్లో దాచేద్దామనుకుంది. స్టూలెక్కింది. కింద మావగారు పట్టుకున్నారు. అబ్బాయి పెట్టె దింపింది.

"మీ పెట్టె కూడా పనిలో పని పక్కింట్లో పడేస్తానండీ, రెంటికీ ఒకటే తాళం అన్నాను. అంతే. పట్టుకున్న మనిషి ఎందుకు ఉలిక్కిపడ్డారో, స్టూలు కదిలింది."

మావగారు మానిటరుకేసి చూస్తున్నారు, అందులో తన రైలు వేళ ఏదో పడుతున్నట్టు.

"అయిపోయింది," అంది కోడలు. సూది బయటికి తీసి దూది నొక్కి పట్టింది. అలా పట్టుకునే కాసేపు నిలబడిపోయింది. మేజరు సిస్టరు వచ్చి ఆ దూది తను తీసుకుంది.

మందు పాకడానికి అరగంటైనా పడుతుంది. ఆ అరగంటా కోడలు ఆ మంచం దగ్గర నుంచి కదల్లేదు. మధ్యలో రెండుసార్లు మంచు గడ్డ తెప్పించి తొడ మీద ఆనించి చల్లగా ఉందా అని అడిగింది. మొదటిసారి ఉందంది. రెండోసారి, "ఏం ఆనించావు?" అంది అత్తగారు. అంటూనే తన మాటకి తనే ఆశ్చర్యపోయింది. పొద్దుటి నుంచి బిగించిన పిడికిలి విడింది. నుదుటి మీద గీతలు ఒక్కొక్కటీ సర్దుకున్నాయి. ఎక్స్‌రేకి తీసుకెళ్ళి తెచ్చినా కిక్కురుమనలేదు. కాలెవరో అడిగి పట్టుకుపోయినట్టుందే అంది.

"బాగుందా, అత్తయ్యా?"

"బాగుంది. నీ చెయ్యి మంచిదే." మళ్ళీ తనే అంది, "నువ్వేం చేస్తావే ఇప్పుడు?"

కోడలు చేతికి చిక్కిన సాలెగూడుని ఆవిడ జుట్టులోంచి మెల్లగా లాగి, నలిపి, చెత్తబుట్టలో వేసింది.

అప్పుడొచ్చాడు ఇంజనీరు. చొక్కా ఒక పక్క లోపల, ఒక పక్క బయట, మెడలో ఆఫీసు కార్డు వెనక్కి తిరిగిపోయి ఉంది. తల్లి మంచం దగ్గరికి పరిగెత్తి, ఎలా పడ్డావమ్మా అని అడిగాడు.

"అటక దగ్గర," అంది తల్లి.

బాత్రూమన్నారే నాన్న, అనబోయి ఆగాడు. భార్య మొహం చూశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరని ఎవరూ అనలేదు గానీ అతను భుజాలు తడుముకున్నంత పని చేశాడు.

"ప్రయాణం ఎప్పుడు?" అంది ఆమె.

అతను తల్లికేసి చూశాడు. తల్లి సెలైను స్టాండుకేసి చూసింది.

"వచ్చే నెల మొదట్లో," అన్నాడు. "చెబుదామనే అనుకుంటున్నా. నీకు డ్యూటీలు, రాగానే పడుకునేదానివి, లేపి చెప్పే విషయం కాదు కదా."

"నిద్ర లేచాక కూడా చెప్పొచ్చు."

"చెబితే ఏమంటావోనని."

"అనడానికి నాకేం మిగిల్చావు? సరేననేసి వచ్చావుగా."

అతను గొంతు తగ్గించాడు. పక్క మంచాలవాళ్ళు వింటున్నారు, ఎముకల డాక్టరు ఎక్స్‌రే పటాన్ని తలకిందులుగా పట్టుకుని మరీ చూస్తున్నాడు. "నిన్ను రమ్మనను. నీ పని ఇక్కడుందని నాకు తెలియదా? నువ్వు ఇక్కడే ఉండు, అమ్మ నీ దగ్గర ఉంటుంది. రెండేళ్ళు, రెండు నెలలకోసారి వస్తాను."

ఆమెకి ఎక్కడో ఒక బరువు దిగింది. దిగిన చోటే ఇంకోటి ఎక్కింది. రమ్మంటే పోట్లాడదామని మాటలన్నీ సిద్ధం చేసుకుంది. రమ్మనకపోతే ఏమనాలో ఆలోచించుకోలేదు.

"అంటే రావక్కర్లేదని కూడా నువ్వే తేల్చేశావన్నమాట."

"రమ్మంటే కోపం, వద్దంటే కోపం. నేనేం అనాలి?"

"అడగాలి," అంది. "అనడం కాదు."

అత్తగారికి కన్నపేగు కదిలింది. కొడుకు తప్పు చేశాడు, నిజమే. అయినా కొండల్లో ఒక్కడే ఉండాలి కదా. ఒంటిగాడివి, ఎవరు వండిపెడతారురా, జ్వరమొస్తే ఎవరు చూస్తారురా, అని మొదలుపెట్టింది.

"ఒక్కణ్ణే కాదమ్మా," అన్నాడు కొడుకు.

అంటూనే అనకూడదని తెలిసింది. ఆ నోరు తల్లి దగ్గర నుంచే వచ్చింది మరి.

"మరెవరు?"

అతను తండ్రికేసి చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. ఆ కష్టమే అందర్నీ అటు తిప్పింది. మావగారు తల దగ్గర, చెప్పుల జత గుండెలకి హత్తుకుని, తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నారు.

"అసలు ముందు అడిగింది నాన్నే," అన్నాడు కొడుకు, ఇక దాచి లాభం లేదని. "అక్కడ మాట్లాడటానికి మనుషులు దొరకరటగా అన్నారు. నేను అవునన్నాను. అయితే నేనూ వస్తానన్నారు."

మానిటరు టిక్కులు దగ్గరగా పడటం మొదలుపెట్టాయి. మేజరు సిస్టరు అంకె చూసి, గుండె వేగం పెరిగింది డాక్టర్ అంది. మందు వల్ల కాదంది కోడలు, ఇంచుమించు నవ్వాపుకుంటూ.

"ఇటు మాట అటూ, అటు మాట ఇటూ," అన్నారు మావగారు. చాలాకాలం తరవాత ఆయన తన మాట తను చెబుతున్నారు, ఎలా చెప్పాలో తెలియనట్టు ఆగారు. "మూడు వారాలు మోశాను. అలసిపోయానే."

అత్తగారు ఆయన్ని చూసింది. చాలాసేపు చూసింది. తరవాత కోడలివైపు తిరిగింది.

"అమ్మాయ్, ఈ మందు ఎంతసేపు పనిచేస్తుంది?"

"రాత్రి దాకా పనిచేస్తుంది, అత్తయ్యా."

"నేను కాస్త గట్టిగా మాట్లాడితే నొప్పి రాదు కదా?"

"రాదు. లేవడం మాత్రం కుదరదు."

"లేవనక్కర్లేదు. మీరందరూ బయటికి నడవండి. ఆయన ఒక్కరూ ఉంటారు. ఆ తెర లాగెయ్యి."

తెర జరజరా జరిగింది. భార్యాభర్తలు బయట, ఒకరి పక్కన ఒకరు, ఒకరినొకరు చూసుకోకుండా నిలబడ్డారు. అతను ఏదో అడగబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది, వినమని.

లోపల నుంచి ఒక్క మాటా వినబడలేదు. తెర కింద మావగారి బూట్లు మాత్రం కనబడుతున్నాయి. అవి గుమ్మం వైపు తిరిగాయి. ఒక అడుగు వేశాయి. ఆగాయి. మళ్ళీ మెల్లగా మంచం వైపు తిరిగాయి.